ఆ 0.7 ఎక్కడిది? నా మాస్టర్స్ కథ

విదేశంలో మాస్టర్స్ గురించి నన్ను ఎవరు పలకరించినా మొదట అడిగేవి మూడే: ఏ దేశం మంచిది, ర్యాంకు ఎంత, ఖర్చెంత అని. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను కాబట్టి ఆ ప్రశ్నల్ని తప్పుపట్టను. కానీ నా అప్లికేషన్ని నిలబెట్టింది, రెండేళ్ళ చదువంతా నన్ను వెంటాడింది, ఇప్పటికీ నా ఉద్యోగంలో పనికొస్తున్నది ఒక చిన్న సంఖ్య. 0.7. ముందు దాని గురించి చెప్పాలి.

సివిల్ ఇంజనీరింగ్ అయ్యాక రెండేళ్ళకు పైగా ఒక డిజైన్ ఆఫీసులో పనిచేశాను. వాన నీటి కాలువలు, తూములు డిజైన్ చేసే పని. ఎంత వాన పడితే కాలువలోకి ఎన్ని నీళ్ళు వస్తాయో లెక్కకట్టడానికి రేషనల్ మెథడ్ అని ఒక పాత సూత్రం ఉంది. వాన తీవ్రతని, ఆ ప్రాంతం విస్తీర్ణాన్ని, రనాఫ్ కోఎఫిషియంట్ అనే ఒక సంఖ్యని గుణించాలి, అంతే. పడిన వానలో ఎంత వంతు నేలలో ఇంకకుండా పారి వస్తుందో చెప్పేది ఆ సంఖ్య. మా ఎక్సెల్ షీట్లో ఆ గడిలో ఎప్పుడు చూసినా 0.7 ఉండేది. ఒకరోజు పక్క సీట్లో ఉండే సీనియర్‌ని అడిగాను, "ఈ 0.7 ఎక్కడిదండీ?" అని. "పాత ప్రాజెక్టులో అదే ఉంది, అదే ఉంచెయ్యి" అన్నారు. ఆయన్ని అనడానికి లేదు, సాయంత్రానికి డ్రాయింగులు వెళ్ళాలి. నేనూ అదే ఉంచేసి పంపించాను. కానీ ఇంటికి వెళ్ళాక కూడా ఆ గడే కళ్ళ ముందు ఉంది. అది 0.5 అయితే కాలువ సైజు తగ్గుతుంది, 0.85 అయితే మేము కట్టేది చాలదు, మరి ఏది నిజమో మాలో ఎవరికీ తెలియదు.

అప్పటికే మాస్టర్స్ చెయ్యాలని ఉంది. ఈ రెండు విషయాలకీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు.

మొదట అందరిలాగే ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. వాళ్ళు నా మార్కుల లిస్టు చూసి పది నిమిషాల్లో ఎనిమిది యూనివర్సిటీల పేర్లు రాసిచ్చారు, నేనేం చదవాలనుకుంటున్నానో ఒక్క మాట కూడా అడగలేదు. ఆ ఎనిమిదింటిలో రెండిట్లో నా సబ్జెక్టే లేదని ఇంటికొచ్చి వెబ్‌సైట్లు చూశాక తెలిసింది. అందరూ ఇలాగే ఉంటారని అనను, బాగా చేసేవాళ్ళూ ఉంటారు, కానీ కోర్సు వెతుక్కునే పని మాత్రం దయచేసి ఎవరికీ అప్పగించకండి. మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అని చాలా కోర్సులకి ఒక పత్రం ఉంటుంది, ఏ సెమిస్టర్లో ఏం చెప్తారో, పరీక్ష ఎలా పెడతారో, ముందుగా ఏం తెలిసి ఉండాలో అందులో రాసి ఉంటుంది. నేను దాదాపు ఇరవై హ్యాండ్‌బుక్‌లు చదివాను. రాత్రి ఆఫీసు నుంచి వచ్చి రోజుకొకటి. ఆ చదవడంలోనే హైడ్రాలజీ అనే సబ్జెక్టు దగ్గర, అంటే వాన నీళ్ళు ఎటు పోతాయో, ఎంత పారతాయో చెప్పే శాస్త్రం దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే నా 0.7 అక్కడ ఉంది.

దేశం విషయానికొస్తే, ఒక్కో చోట ఒక్కో లెక్క. బ్రిటన్‌లో మాస్టర్స్ ఎక్కువగా ఏడాదే, త్వరగా అయిపోతుంది కానీ ఊపిరి తీసుకునే సమయం ఉండదు. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ సబ్జెక్టులైతే ఇంకో 24 నెలలు పనిచేసే వీలుంది, ఫీజు మాత్రం నాకు అందేది కాదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అనే చిన్న రుసుము కడితే చాలు. అన్ని చోట్లా కాదు, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే ఇలాంటి విదేశీ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటోంది. ఇవన్నీ లెక్కేసుకుని జర్మనీలో నాలుగు, నెదర్లాండ్స్‌లో ఒకటి, మొత్తం ఐదు కోర్సులు పెట్టుకున్నాను.

స్కాలర్‌షిప్‌ల గురించి నాకు ఆలస్యంగా తెలిసింది, అది ఇప్పటికీ బాధే. ఎరాస్మస్ ముండుస్ అని ఉంది, రెండు మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సులు, స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు.  నేను దాని పేరు వినేసరికే ఆ ఏడాది గడువు దాటిపోయింది. డాడ్ అని జర్మనీ వాళ్ళ సంస్థ ఉంది, 1925లో మొదలైంది, దాంట్లో అభివృద్ధి చెందుతున్న దేశాలవాళ్ళ కోసం పెట్టిన ఈపీఓఎస్ స్కాలర్‌షిప్‌కి కనీసం రెండేళ్ళ ఉద్యోగ అనుభవం అడుగుతారు. డిగ్రీ అవ్వగానే వెళ్ళకపోతే ఏదో పోగొట్టుకున్నామని బాధపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి వాటి గడువులు చాలాసార్లు కోర్సు మొదలవ్వడానికి ఏడాది ముందే ఉంటాయి.

ఇక ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో మనమే రాసిచ్చే వ్యాసం. నా మొదటి డ్రాఫ్టు "చిన్నప్పటి నుంచీ నాకు నీళ్ళన్నా ప్రకృతి అన్నా ఎంతో ఆసక్తి" అని మొదలైంది. అది నిజం కాదు. చిన్నప్పుడు నాకు నీళ్ళ మీద ప్రత్యేకమైన ఆసక్తేం లేదు. కానీ నెట్‌లో చూసిన నమూనాలన్నీ అలాగే ఉంటే, అలా రాయకపోతే తీసుకోరేమో అనుకున్నాను. కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియర్, అప్పటికే మాస్టర్స్ చేసిన అక్క ఒకావిడకి పంపించాను. రెండు రోజుల తర్వాత ఫైలు తిరిగి వచ్చింది. ఎర్ర రంగులో ఒకే ఒక్క కామెంటు, మొదటి పేజీ మధ్యలో: "ఇందులో నువ్వెక్కడున్నావ్?"

ఫోన్ చేశాను. "అక్కా, ఇంకేం రాయమంటావ్? నా జీవితంలో అంత గొప్ప విషయాలేం జరగలేదు" అన్నాను. "గొప్పవి వద్దు. ఈ రెండేళ్ళలో ఆఫీసులో నీకు అర్థంకాక ఆగిపోయింది ఏదైనా ఉందా, అది చెప్పు" అంది. అప్పుడు 0.7 గురించి చెప్పాను. అవతల కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి ఇన్నాళ్ళూ అది రాయకుండా ఏం చేస్తున్నావే!" అని గట్టిగా అరిచింది.

ఆ రాత్రే మొత్తం తీసేసి మళ్ళీ రాశాను. ఒక గడిలో ఒక అంకె, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియకపోవడం, నేను కూడా తెలియకుండానే సంతకం పెట్టడం, ఆ కోర్సులో ఏ మాడ్యూల్ నాకు ఆ జవాబు వెతకడం నేర్పుతుందని అనుకుంటున్నానో, అంతే. పేజీన్నర. ఏడు డ్రాఫ్టులు పట్టింది, అందులో చివరి మూడు కేవలం మాటలు తగ్గించడానికే. ఐదు యూనివర్సిటీలకీ ఒకటే పంపలేదు, మొదటి సగం అదే ఉంచి రెండో సగం ఆ కోర్సుని బట్టి విడిగా రాశాను.

రికమెండేషన్ లెటర్ల దగ్గర ఇంకో చిక్కు. ఒక ప్రొఫెసర్ "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అన్నారు. ఇది చాలామందికి జరుగుతుంది. నా గురించి నేనే పొగుడుకుంటూ రాసిన ఉత్తరం నాకే నచ్చలేదు. చివరికి ఆయన దగ్గర కాకుండా నా ఫైనలియర్ ప్రాజెక్టు గైడ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి పెద్ద హోదా లేదు, కానీ ల్యాబ్‌లో నేను ఎక్కడ తప్పు చేశానో, ఎలా సరిచేసుకున్నానో చూసిన మనిషి. నేను చేసిన పనుల గురించి ఒక పేజీ, నా ఎస్‌ఓపీ, గడువు తేదీలు పెట్టి నెలన్నర ముందే ఇచ్చాను. అంత ముందుగా అడగడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా, ఎందుకంటే కొన్ని పోర్టళ్ళు నేరుగా వాళ్ళకే లింకు పంపిస్తాయి, అది ఒక్కోసారి స్పామ్‌లోకి పోతుంది.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోర్లు రెండేళ్ళు చెల్లుతాయి, జీఆర్‌ఈ ఐదేళ్ళు. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈని రెండు గంటల లోపుకి కుదించారు. నేను పెట్టుకున్న ఐదు కోర్సుల్లో ఏదీ జీఆర్‌ఈ అడగలేదు, అయినా నేను ముందే రెండు నెలలు చదివేశాను. కోర్సు పేజీ చూశాకే పరీక్ష బుక్ చేసుకోండి.

జర్మనీ పేపర్ల పని మాత్రం ఓపికతో చెయ్యాలి. చాలా యూనివర్సిటీలు యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా అప్లికేషన్లు తీసుకుంటాయి, మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టర్‌కి పంపే మిగతావాటికి ఒక్కోదానికి 30. వింటర్ సెమిస్టర్‌కి జూలై 15 అని అందరూ చెప్తారు, కానీ విదేశీ విద్యార్థులకి చాలా కోర్సుల్లో అంతకంటే ముందే, కొన్ని చోట్ల వసంతంలోనే మూసేస్తారు. మన మార్కుల్ని వాళ్ళ లెక్కలోకి మార్చే సూత్రం ఒకటుంది. గరిష్ఠ మార్కు లోంచి మన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి 7.6 వచ్చి, పాస్ మార్కు 4 అయితే 2.2 వస్తుంది. అక్కడ 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాస్. "2.5 లోపు ఉండాలి" అని రాసి ఉంటే దాని అర్థం ఇదీ. కొన్ని దేశాల విద్యార్థులకి వాళ్ళ చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి, అది రావడానికి వారాలు పడుతుంది, అందుకని మిగతా పనులకంటే ముందు అదే మొదలుపెట్టాలి.

ఐదింటిలో మూడు రిజెక్ట్ అయ్యాయి. మొదటిది వచ్చిన రోజు ఆఫీసులో ఉన్నాను, మెయిల్ చదివి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. రెండోది వచ్చినప్పుడు కారణం కూడా రాశారు: మ్యాథ్స్, మెకానిక్స్, హైడ్రాలిక్స్ కలిపి వాళ్ళడిగిన క్రెడిట్లలో నాకు ఆరు తక్కువ. ఆ లెక్క నేను ముందే వేసుకుని ఉంటే ఆ అప్లికేషన్ పంపేదాన్నే కాదు. మూడోది ఏ కారణమూ లేకుండా రెండు వాక్యాల్లో వచ్చింది. నాలుగోది వెయిటింగ్ లిస్టు. ఐదోది రావడానికి ఇంకో ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాల టెన్షన్ ఎవరికీ వద్దు, అర్ధరాత్రి లేచి మెయిల్ చూసుకునేదాన్ని. అడ్మిట్ వచ్చింది జర్మనీలోని ఒక యూనివర్సిటీ నుంచి. నాకు నేనుగా ర్యాంకులు చూసి ఎంచుకుంటే అది నాలుగో స్థానంలో ఉండేది. మాడ్యూళ్ళు చూస్తే మొదటిది.

వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున మాత్రమే బయటికొస్తుంది. నేను లోన్ తీసుకున్నాను. ట్యూషన్ ఫీజు లేదు కదా అని ఖర్చే లేదనుకుంటే పొరపాటు. చదువుకుంటూ పార్ట్‌టైమ్ చెయ్యొచ్చు, ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, కానీ దాని మీదే ఆధారపడి అక్కడ అడుగుపెట్టినవాళ్ళు మొదటి సెమిస్టర్లో ఎంత నలిగిపోయారో నా కళ్ళతో చూశాను. క్లాసు, పని, మళ్ళీ క్లాసు, పరీక్ష ముందు రోజు కూడా నైట్ షిఫ్టు. దయచేసి కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్ళండి.

మొదటి సెమిస్టర్ మూడో వారం హైడ్రాలజీ క్లాసులో ప్రొఫెసర్ బోర్డు మీద రేషనల్ మెథడ్ రాశారు. 1851లో ఐర్లండ్‌లో థామస్ మల్వానీ దాని మూలాలు వేశారని, 1889లో అమెరికాలో ఎమిల్ క్యూచ్‌లింగ్ రోచెస్టర్ నగరం మురుగు కాలువల కోసం వాడారని చెప్పి, కోఎఫిషియంట్ల పట్టిక స్క్రీన్ మీద వేశారు. తారు రోడ్డుకి 0.70 నుంచి 0.95. ఇసుక నేల మీద చదునైన గడ్డికి 0.05 నుంచి 0.10. నేను నోట్సు రాయడం ఆపేశాను. మా షీట్లోని 0.7 తారు రోడ్డు వరసలో మొట్టమొదటి అంకె. మేము దాన్ని తోటలకీ, ఖాళీ స్థలాలకీ అన్నిటికీ వాడాం. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది, ఈ విలువలు ఐదు నుంచి పదేళ్ళకి ఒకసారి వచ్చే స్థాయి వానలకి వర్తిస్తాయి, అంతకంటే పెద్ద వానలకి పెంచుకోవాలి అని. ఆ చిన్న అక్షరాలు మా షీట్లోకి ఎప్పుడూ రాలేదు.

క్లాసయ్యాక వెళ్ళి ఈ కథంతా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. "దీన్నే థీసిస్‌గా చెయ్యొచ్చు కదా" అన్నారు.

రెండేళ్ళ కోర్సంటే 120 క్రెడిట్లు, అందులో థీసిస్‌కే 30. ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల పని అని వాళ్ళ లెక్క, అంటే థీసిస్ 900 గంటలు. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. ఇళ్ళూ, రోడ్లూ, తోటలూ కలిసిన ఒక చిన్న ప్రాంతంలో వాన కొలిచే యంత్రం పెట్టాం, లోపల చిన్న గరిటె లాంటిది ఉంటుంది, 0.2 మిల్లీమీటర్ల వాన నిండగానే ఒరిగి ఖాళీ అయిపోతుంది, ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెట్టుకోవడమే. కాలువలో ప్రవాహం కొలిచే సెన్సర్ ఇంకోటి. వాన పడిన ప్రతిసారీ కోఎఫిషియంట్ లెక్కకట్టి గ్రాఫ్ మీద చుక్క పెట్టేదాన్ని. చాలావరకు 0.25కీ 0.5కీ మధ్య వచ్చాయి. ఒక్క చుక్క మాత్రం 0.8 దగ్గర, మిగతావాటికి ఎక్కడో పైన.

సెన్సర్ తప్పయి ఉంటుందనుకుని దాన్ని తీసేసి, మిగతా చుక్కల మీదుగా నీట్‌గా గీత గీసి, ప్రింటు తీసుకుని థీసిస్ గైడ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం చూసి, ల్యాప్‌టాప్‌లో నా డేటా ఫైలు తెరిచి, వరసలు లెక్కపెట్టారు. "ఇక్కడ ఒక వాన తక్కువుంది" అన్నారు. నేను చెప్పాను, అది గీతకి చాలా దూరంగా ఉందని. ఆయన పెన్సిల్ తీసుకుని ఆ ఖాళీ జాగాలో చుక్క పెట్టారు. "తప్పు చుక్కదా, గీతదా? ఏదో తేల్చుకుని రా."

నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాను. సెన్సర్ బాగానే ఉంది. ఆ వానకి ముందు మూడు రోజులు ఆగకుండా ముసురు పట్టింది, నేల అప్పటికే నిండుగా తడిసి ఉంది, ఇంకడానికి చోటు లేక కొత్త వానలో ఎక్కువ భాగం పారిపోయింది. తోటలు కూడా ఆ రోజు తారు రోడ్డులాగే ప్రవర్తించాయి. నా థీసిస్‌లో చెప్పుకోదగ్గ విషయమంటూ ఉంటే అది ఆ చుక్కే. దాన్ని తీసేసి సమర్పించి ఉన్నా పాసయ్యేదాన్నేమో. కానీ ఆ 900 గంటల్లో నేను నేర్చుకున్నది ఆ నాలుగు రోజుల్లోనే ఎక్కువ.

ఉపయోగం ఏంటి అని అడుగుతారు, చెప్తాను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీలో 18 నెలల దాకా పర్మిట్ ఇస్తారు. నాకు ఏడు నెలలు పట్టింది, ఇంగ్లిష్‌లో కోర్సు చదివినా ఉద్యోగానికి జర్మన్ కావాలి, నేను భాష ఆలస్యంగా మొదలుపెట్టడం వల్లే అంత పట్టింది. మొదటి సెమిస్టర్ నుంచే భాషకి రోజుకో గంట పెట్టి ఉంటే బాగుండేది. జీతం పెరిగింది, లోన్ తీరడానికి మూడేళ్ళు పట్టింది, ఆ మూడేళ్ళూ చాలా జాగ్రత్తగా బతికాను. ఇంటర్వ్యూలో వాళ్ళు నా మార్కుల గురించి రెండు నిమిషాలు మాట్లాడి, ఆ చుక్క గురించి అరగంట అడిగారు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి షీట్లో ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో ఒక వాక్యం రాసి ఉండాలని పట్టుబడతాను. మా టీమ్‌లో కొందరికి అది చాదస్తంలా అనిపిస్తుందని నాకు తెలుసు, అయినా మానను, ఎందుకంటే ఆ కాలువల పక్కన మనుషులు ఉంటారు.

మాస్టర్స్ లేకుండా ఇది నేర్చుకోలేమా అంటే, నేర్చుకునేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం ఆ ఆఫీసులో, ఆ గడువుల మధ్య, ఒక్క చుక్క మీద నాలుగు రోజులు కూర్చునే వీలు ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు.

పోయిన వారం ఒక జూనియర్ అమ్మాయి తన ఎస్‌ఓపీ పంపించింది. మొదటి పేరా "చిన్నప్పటి నుంచీ" అనే మొదలైంది. మూడో పేరాలో, దాదాపు దాక్కున్నట్టుగా, ఒక సైట్‌లో కాంక్రీట్ బలం చూడటానికి చేసే క్యూబ్ టెస్టుల్లో వరసగా వచ్చిన రిపోర్టులన్నీ ఒకే అంకె చూపించడం గమనించానని, అలా ఎలా సాధ్యమని ఎవరినీ అడగలేకపోయానని ఒక్క వాక్యం రాసింది. దాని కింద గీత గీసి ఫోన్ చేశాను. "అది చాలా చిన్న విషయం కదా అక్కా" అంది. "దాన్ని మొదటికి తీసుకురా, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాను.

కొత్త డ్రాఫ్టు నిన్న రాత్రి వచ్చింది. మొదటి వాక్యంలోనే క్యూబులున్నాయి. రెండో పేరా ఇంకా కుదరాలి, ఆదివారం ఇద్దరం దాని మీద కూర్చుంటాం.